దత్తపుత్రుల స్వాస్థ్యము

వాక్యభాగములు: రోమా 8:12–23, గలతీ 4:1–7



ఈ నెల మా తప్పిదమొకటి మీ యెదుట ఒప్పుకొని ఈ మాటలు ఆరంభించుచున్నాము. మా పరిచర్యలోని ఒక పల్లెలో బిడ్డలు లేని దంపతులున్నారు. రెండెకరములు కౌలుకు చేసికొని బ్రదుకువారు. వారు ప్రభుత్వపు శిశుగృహమునుండి ఒక ఆడుబిడ్డను చట్టప్రకారము దత్తత తీసికొనిరి. ఆమెకు ఏడేండ్లు నిండిన పిమ్మట బాప్తిస్మమిప్పించుటకు మందిరమునకు తోడుకొనివచ్చిరి. ఆరాధన ముగిసినది. మేము బాప్తిస్మపు రిజిస్టరు తెరచి బిడ్డ పేరు వ్రాసితిమి, తేదీ వ్రాసితిమి. తలిదండ్రుల గడి దగ్గరకు వచ్చినప్పుడు, ఎవరును చెప్పకయే, మేమైనను ఆలోచింపకయే, ఆయన పేరు వ్రాసి దాని ప్రక్కను "పెంపుడు కుమార్తె" అని చేర్చితిమి.

ఆయన చదువు అయిదవ తరగతితో ఆగినది. అయినను ఆ రెండు మాటలను కూడబలుకుకొని చదివెను. చదివి, చేతిలోని ప్లాస్టిక్ కవరులోనుండి కలెక్టరు గారి ఉత్తరువును తీసి మా బల్లమీద పెట్టి, "అయ్యగారూ, ఇందులో ఆ మాట లేదండీ" అనెను. మరేమియు అనలేదు. మేము కళ్లజోడు పెట్టుకొని ఆ కాగితమును మొదటినుండి చివరివరకు చదివితిమి. నిజమే, లేదు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. రోమా పత్రిక ఎనిమిదవ అధ్యాయము మీద మేము ఎన్నిసార్లు ప్రసంగించితిమో లెక్కలేదు. దేవుడు మనలను దత్తత తీసికొనెనని ఎన్ని పల్లెలలో చెప్పియుందుము! నోటికి వచ్చిన ఆ మాట మా కలమునకు రాలేదు.

పెంపకము వేరు, దత్తత వేరు. మన పల్లెలలో ఈ రెంటిని ఒకటే అన్నట్లు మాటలాడుకొందుము గాని, ఆస్తి పంచుకొను దినమున ఆ భేదము అందరికిని తెలిసిపోవును. అక్క చనిపోయినప్పుడు ఆమె బిడ్డను తెచ్చి పెంచినవారున్నారు. కరవులో దిక్కులేని పిల్లవానిని చేరదీసినవారున్నారు. అన్నము పెట్టిరి, గుడ్డ ఇచ్చిరి, బడికి పంపిరి. అది మంచి కార్యము. దానిని మేము తక్కువచేసి మాటలాడుట లేదు. అయితే ఇంటి యజమాని కన్నుమూసిన తరువాత, పెద్దలు అరుగుమీద కూర్చుండి పొలమునకు కొలత వేయునప్పుడు, పెంచబడినవాడు ఎక్కడ నిలుచుండును? పశువుల కొట్టము దగ్గర నిలుచుండును. ఎవరైన పిలిచి ఇంత ఇత్తురేమో అని చూచును.

క్రైస్తవులమైన మనకు ఈ భేదము ఇతరులకంటె ఎక్కువగా తెలిసియుండవలెను. ఏలయనగా హిందువులకు 1956లో దత్తత చట్టము వచ్చినది. అంతకుముందు సాధారణముగా మగబిడ్డనే దత్తు చేసికొనుచుండగా, ఆ చట్టము ఆడుబిడ్డను దత్తత తీసికొనుటకును తావిచ్చినది. మనకు అట్టి ప్రత్యేక చట్టమేదియు లేకపోయెను. అనాథబిడ్డను తమదిగా చేసికొనగోరిన క్రైస్తవ దంపతులు అనేకులు 1890వ సంవత్సరపు సంరక్షకుల చట్టము క్రింద కోర్టుకు వెళ్లి, సంరక్షకులు అను పేరు మాత్రమే పొందగలిగిరి. ఆ బిడ్డ వారిని అమ్మా, నాన్నా అని పిలిచినను చట్టము దృష్టికి వారు కావలివారు మాత్రమే. యుక్తవయస్సు వచ్చినప్పుడు ఆ సంరక్షణ తీరిపోవును. వీలునామా వ్రాయకుండ తండ్రి చనిపోయినయెడల బిడ్డగా అడుగుటకు ఆ బిడ్డకు హక్కు లేదు. తరువాత 2000వ సంవత్సరపు బాలల న్యాయచట్టమును, దాని 2006 సవరణయు ఈ తలుపు తెరచినవి. ఏ మతమువారైనను ఆ చట్టము క్రింద దత్తత తీసికొనవచ్చునని 2014లో సుప్రీంకోర్టు చెప్పినది. ఇప్పుడున్న 2015వ సంవత్సరపు చట్టము ప్రకారము, దత్తత తీసికొనబడిన బిడ్డ కడుపున పుట్టిన బిడ్డతో సమానమే, వారసత్వములో కూడ సమానమే. 2022 సెప్టెంబరునుండి ఆ ఉత్తరువును కోర్టుకు బదులుగా జిల్లా కలెక్టరే ఇచ్చుచున్నారు. మా బల్లమీద ఆ రైతు పెట్టిన కాగితము అదియే.

ఇప్పుడు గలతీ పత్రిక నాలుగవ అధ్యాయము తెరచి చూడుడి. పౌలు అక్కడ సంరక్షకులను గూర్చియే మాటలాడుచున్నాడు. వారసుడు బాలుడుగా ఉన్నంతకాలము సంరక్షకుల చేతిక్రింద, గృహనిర్వాహకుల చేతిక్రింద ఉండును. అంతటికి కర్తయైనను దాసునివలె ఉండును. అయితే కాలము పరిపూర్ణమైనప్పుడు దేవుడు తన కుమారుని పంపెను. ఎందుకు పంపెను? మనము ఇంకొక సంరక్షకుని చేతికి మారుటకు కాదు, కుమారులమగుటకు. దేవుడు మనకు అన్నము పెట్టి, ఎండవానలనుండి కాచి, వయస్సు రాగానే నీ దారి నీవు చూచుకొమ్మని చెప్పు సంరక్షకుడు కాడు. మనము కుమారులమైతే వారసులము అని పౌలు రెండు పత్రికలలోను గట్టిగా వ్రాయుచున్నాడు; రోమా పత్రికలో క్రీస్తుతోడి వారసులము అనియు వ్రాయుచున్నాడు. తోడి వారసులు! కొట్టము దగ్గర నిలువబడవలసినవారము కాము.

పౌలు ఈ మాటను ఎక్కడనుండి తెచ్చెనో కొంచెము ఆలోచింపవలెను. మోషే ధర్మశాస్త్రములో దత్తతకు ప్రత్యేకమైన విధి లేదు. యాకోబు తన మనుమలైన ఎఫ్రాయిము మనష్షేలను తన కుమారులుగా ఎంచుకొనెను, మొర్దెకై తలిదండ్రులు లేని ఎస్తేరును కుమార్తెగా స్వీకరించెను. ఇవి కథలుగా ఉన్నవి గాని కట్టడగా లేవు. పౌలు వాడిన గ్రీకు మాట క్రొత్త నిబంధనలో అయిదు చోట్ల మాత్రమే ఉన్నది. అయిదును ఆయన పత్రికలలోనే ఉన్నవి. పౌలు పుట్టుకతోనే రోమా పౌరుడు. రోమా చట్టములో దత్తత గొప్ప సంగతి. ఆ దేశపు ఆచారము ప్రకారము తండ్రి కుమారుని మూడుసార్లు లాంఛనముగా అమ్మవలెను. త్రాసు, కంచు ముక్క, అయిదుగురు సాక్షులు ఉండవలెను. మూడవ అమ్మకముతో పాత తండ్రి అధికారము తెగిపోవును. అప్పుడు క్రొత్త తండ్రి అధికారియెదుట నిలిచి, ఇతడు నా కుమారుడు అని చెప్పుకొనును. ఆ దినమునుండి పేరు మారును, ఇల్లు మారును, వారసత్వము కలుగును.

ఇక్కడ బోధకులు ఒక మాట చెప్పుట మీరు వినియుందురు: రోమాలో దత్తత పొందినవాని పాత అప్పులన్నియు కొట్టివేయబడెడివనియు, ఆలాగుననే మన పాపఋణము కొట్టివేయబడెననియు చెప్పుదురు. మేమును చెప్పియున్నాము. అందులో సగము నిజమున్నది. తండ్రి లేక స్వతంత్రుడుగా ఉన్నవానిని దత్తత తీసికొనినప్పుడు, పాత చట్టము ప్రకారము అతని అప్పులు నిజముగా రద్దయ్యెడివి. అయితే అప్పిచ్చినవారు నష్టపోవుట అన్యాయమని తరువాతి న్యాయాధిపతులు వారికి మరల దావావేయు మార్గము చూపిరి. కాబట్టి ఆ ఉపమానమును అంతదూరము లాగవద్దు. మన అప్పు చట్టములోని సందు చూచి తప్పించుకొన్న అప్పు కాదు. కల్వరిలో పైసలతో సహా చెల్లించబడిన అప్పు. మరల దావావేయుటకు ఎవనికిని నోటు మిగులలేదు.

ఇంకొక సంగతి మాకు బహు ఆశ్చర్యము కలుగజేయును. పౌలు రోమా సంఘమునకు ఈ పత్రిక వ్రాసినప్పుడు, అనగా సుమారు క్రీ.శ. 57లో, సింహాసనము మీద నీరో ఉండెను. ఈ నీరో దత్తపుత్రుడే. క్లౌదియ చక్రవర్తి క్రీ.శ. 50లో అతనిని దత్తత తీసికొనెను. క్లౌదియకు కడుపున పుట్టిన కుమారుడు బ్రితానికుసు అప్పటికే ఉండెను. అయినను 54లో క్లౌదియ చనిపోగా దత్తపుత్రుడైన నీరోయే చక్రవర్తి ఆయెను. మరుసటి సంవత్సరమే బ్రితానికుసు చనిపోయెను. విందు బల్లయొద్ద నీరోయే అతనికి విషమిప్పించెనని రోమా చరిత్రకారులు వ్రాసిరి. రోమాలోని విశ్వాసులలో దాసులును, చేతిపనివారును అనేకులుండిరి. ఆ పట్టణములో దత్తపుత్రుడు అనగా ఏమి పొందగలవాడో వారికి ఎవరును బోధింపనక్కరలేదు, రాజ్యమంతయు పొందగలడు. అట్టివారికి పౌలు, మీరును దత్తపుత్రులే అని వ్రాసెను.

అయితే ఈ రెండు ఇండ్లను ప్రక్కప్రక్కను పెట్టి చూడుడి. ఆ యింటిలో దత్తపుత్రుడు తన చోటు నిలుపుకొనుటకు సొంత కుమారుని చంపించెనని చరిత్ర చెప్పుచున్నది. దేవుని యింటిలో, దత్తపుత్రులకు చోటు కలుగుటకు సొంత కుమారుడే తన ప్రాణమును ఇచ్చెను. అంతేకాదు, రోమా గొప్పవారు వంశము నిలువవలెనని, తగినవాడా, బలవంతుడా, తెలివిగలవాడా అని ఏరి దత్తత తీసికొనెడివారు. మనలో దేవుడు ఏమి చూచి ఏరెను? ఆయనకు కుమారుడు లేక వంశము ఆగిపోవుచుండెనా? ఏమియు లేదు. జగత్తు పునాది వేయబడకముందే ప్రేమచేత ఈలాగు నిర్ణయించుకొనెనని ఎఫెసీ పత్రిక మొదటి అధ్యాయము చెప్పుచున్నది. అంతకుమించి కారణము మాకు దొరకలేదు.

యోసేపును కూడ మనము మరచిపోరాదు. మత్తయి సువార్త మొదటి అధ్యాయములో దావీదు వంశావళి యోసేపువరకు వచ్చును. మన ప్రభువు యోసేపు రక్తమువలన పుట్టినవాడు కాడు. అయినను దూత చెప్పిన ప్రకారము యోసేపు లేచి, మరియను చేర్చుకొని, బిడ్డకు తానే పేరు పెట్టెను. పేరు పెట్టుట తండ్రి పని. ఆ నీతిమంతుడు బిడ్డను తనవానిగా స్వీకరించుటవలన ప్రభువు దావీదు కుమారుడని లెక్కింపబడెను. రక్తమే సర్వమని వాదించువారు క్రొత్త నిబంధన మొదటి పుటయైనను జాగ్రత్తగా చదువవలెనని మా మనవి.

ఆ పల్లెకు తిరిగి వచ్చెదము. బిడ్డ ఇంటికి వచ్చిన క్రొత్తలో జరిగిన ఒక సంగతి తల్లి మాకు చెప్పెను. ఆ బిడ్డ ఎవరును చెప్పకముందే తెల్లవారుజామున లేచి వాకిలి ఊడ్చెడిది. రెండవసారి అన్నము అడిగెడిది కాదు. చుట్టములు వచ్చినప్పుడు గోడకు ఆనుకొని నిలుచుండెడిది. చూచినవారందరు, ఎంత బుద్ధిమంతురాలు అని మెచ్చుకొనిరి. తల్లికి మాత్రము అది బుద్ధిగా కనబడలేదట. ఒక దినము ఆ బిడ్డ చేయి తగిలి, సంవత్సరమునకని పెట్టుకొన్న ఆవకాయ జాడీ క్రిందపడి పగిలిపోయెను. తల్లి పొలమునుండి వచ్చి చూచునప్పటికి నేలంతయు నూనె, కారము. బిడ్డ తన రెండు గౌన్లును మూటకట్టుకొని గడపమీద కూర్చుండియున్నది. "నన్ను ఎప్పుడు పంపేస్తారు?" అని అడిగినది.

తల్లి మూట చేతిలోకి తీసికొని, "ముందు చేతులు కడుక్కో, కారం కళ్లల్లో పడుద్ది. అన్నం చల్లారిపోతోంది" అనెనట.

ప్రియులారా, దాస్యపు ఆత్మ అని పౌలు దేనిని చెప్పెనో మాకు ఆ గడపమీద అర్థమైనది. మనలో ఎంతమందిమి దేవుని యింటిలో మూటకట్టుకొని కూర్చుండలేదు? పంట పండిన యేడు దేవుడు మనలను ప్రేమించుచున్నాడని చెప్పుదుము. ఎద్దు చచ్చిన యేడు, బిడ్డకు జ్వరము తగ్గని యేడు, ఏ పాపమునకు ఈ శిక్ష, ఇక ఆయన మనలను విడిచిపెట్టెనేమో అని వణకుదుము. కానుక తగ్గినచో కోపించునేమో అని ఇత్తుము. ప్రార్థన కూటమునకు రాకపోయినచో హాజరుపట్టీలో సున్న పడునని వత్తుము. చూచువారు మనలను భక్తిపరులనుకొందురు. తండ్రికి అది భక్తిగా కనబడునా? గెత్సేమనేలో మన ప్రభువు ప్రాణము క్రుంగియున్నప్పుడు తండ్రిని పిలిచిన ఆ పిలుపునే, ఆ అరామిక మాటనే, ఆత్మ మన నోట ఉంచుచున్నాడు. జాడీ పగిలినను ఆ మాట పలుకుటకు మనకు హక్కు పోలేదు. తండ్రి గద్దింపడని మేము చెప్పుట లేదు. గద్దించును, శిక్షించును కూడ; హెబ్రీ పత్రిక పండ్రెండవ అధ్యాయము, కుమారులకు శిక్ష యున్నదని స్పష్టముగా చెప్పుచున్నది. ఇంటనుండి పంపివేయుట వేరు.

ఇప్పుడు చెప్పవలసినది మాకును కష్టముగానే ఉన్నది. ఆ బాప్తిస్మపు దినమున సంఘపెద్ద యొకరు మమ్మును ప్రక్కకు పిలిచి, "బిడ్డ ఎవరి కులపుదో విచారించారా అండి?" అని మెల్లగా అడిగెను. ఆయన చెడ్డవాడు కాడు. మందిరపు పైకప్పుకు తన చేతి డబ్బు పెట్టినవాడు. అయినను ఆ ప్రశ్న మన సంఘములలో ఇంకను బ్రదికియున్నదని మనమందరము ఎరుగుదుము; పెండ్లి సంబంధముల వేళ అది మెల్లగా కూడ అడుగబడదు.

మన తాతముత్తాతలు ఎవరు? 1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు వచ్చినది. ఆ కరవు తరువాత, 1878 జూలై 3వ తేదీన, ఒంగోలు ప్రాంతమున గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. తిండికొరకు చేరుదురేమోనని కరవు కాలములో మిషనరీలు బాప్తిస్మమియ్యక ఆపియుంచిరి. ఆ కాలమున పల్లె పెద్దవీధిలో చెప్పులు వేసికొని నడువ వీలులేనివారు, ఊరిబావిలో చేద వేయ వీలులేనివారు, ఆ యేటిలోనికి దిగి దేవుని బిడ్డలమను పేరుతో గట్టెక్కిరి. ఎవని కులమేమని ఆ దినమున దేవుడు విచారించినయెడల, నేడు ఈ పత్రిక చదువుచున్న మనలో ఎంతమంది ఈ యింటిలో ఉందుము? ఏడేండ్ల బిడ్డను మనము అడుగుచున్న ప్రశ్న మన తాతలను అడుగని తండ్రి ఇంటిలో నిలుచుండి అడుగుచున్నాము. ఆ పెద్దమనుష్యునితో మేము ఈ మాటయే చెప్పితిమి. ఆయన ఏమియు పలుకక సైకిలెక్కి వెళ్లిపోయెను. తరువాతి ఆదివారము వచ్చి, బిడ్డకు ఒక పలకయు సుద్దముక్కల డబ్బీయు ఇచ్చెను. మేము ఆయనను మరేమియు అడుగలేదు.

బిడ్డలు లేని సహోదరీ సహోదరులతో కూడ ఒక మాట. మీలో కొందరు ఈ సంగతి చదివి, మనమును ఒక బిడ్డను తెచ్చుకొందము అనుకొనవచ్చును. మంచిదే. అయితే ఆసుపత్రి దగ్గర ఎవరో ఇచ్చిరని, డబ్బు తీసికొని ఎవరో తెచ్చిపెట్టెదమనిరని చేతులు చాపవద్దు. అది చట్టరీత్యా నేరము. ఒక తల్లి కన్నీరు దానివెనుక ఉండవచ్చును. జిల్లా కేంద్రములోని బాలల పరిరక్షణ కార్యాలయమునకు వెళ్లి పేరు వ్రాయించుకొనుడి. సంవత్సరములు పట్టవచ్చును, ఓర్పు కావలెను. ఆడుబిడ్డయైనచో తక్కువ అనుకొనవద్దు. నా కుమారులును కుమార్తెలునై యుందురని దేవుడు సెలవిచ్చినట్లు పౌలు రెండవ కొరింథీ పత్రిక ఆరవ అధ్యాయములో వ్రాసెను. కుమార్తెల మాటను ఆయన విడిచిపెట్టలేదు. సంఘము కూడ ఆ యింటిని ఒంటరిగా విడువరాదు. ఊరిలో ఎవరైన ఆ బిడ్డను "తెచ్చుకొన్న పిల్ల" అని పిలిచినచో, మన స్త్రీల సమాజపు సహోదరీలు అక్కడికక్కడే ఆ నోరు మూయించవలెను. వారు ఆ పని బాగుగా చేయగలరని మాకు నమ్మకమున్నది.

రోమా ఎనిమిదవ అధ్యాయములో చదువరులకు చిక్కుగా తోచు చోటొకటి ఉన్నది. పదునైదవ వచనములో దత్తపుత్రులమైతిమని చెప్పిన పౌలు, ఇరువది మూడవ వచనములో దత్తపుత్రత్వము కొరకు, అనగా మన దేహపు విడుదల కొరకు, ఇంకను మూలుగుచు కనిపెట్టుచున్నామని వ్రాయుచున్నాడు. పొందితిమా, పొందలేదా? ఈ చిక్కు మాకును చాలకాలము ఉండెను. ఆ దంపతుల నోట విన్న తరువాత తేటపడెను. చట్టప్రకారము, చివరి ఉత్తరువు రాకముందే బిడ్డను తలిదండ్రుల ఇంటికి పంపుదురు. బిడ్డ వారి యింటనే పండుకొనును, వారి పళ్లెములోనే తినును, అమ్మా అని పిలుచును. కాగితము మాత్రము ఇంకను రావలెను. వారికి ఆ కాగితము వచ్చుటకు కొన్ని నెలలు పట్టినది. మనమును ఇంట ఉన్నాము, తండ్రి అని పిలుచుచున్నాము. అయితే కీళ్లనొప్పులతో, క్షయతో, ముసలితనముతో ఈ దేహములు ఇంకను మూలుగుచున్నవి. సమాధుల దొడ్డిలో మనవారు పండుకొనియున్నారు. ఆ చివరి ఉత్తరువు ఇంకను చదువబడవలెను.

ఆ నెలలలో ఆ బిడ్డ ఏమి చేసెనో తల్లి మాకు గోడమీద చూపెను. వంటయింటి ప్రక్క గోడమీద, బొగ్గుముక్కతో, తన పేరునకు ముందు ఆ యింటిపేరు చేర్చి వరుసగా వ్రాసికొన్నది. ఒకచోట ఇంటిపేరులో ఒత్తు తప్పినది. దాని క్రిందనే సరిచేసి మరల వ్రాసినది. క్రిస్మసుకు ఇంటికి సున్నము వేయించినప్పుడు తండ్రి ఆ భాగమును మాత్రము విడిచిపెట్టించెను.

మేము మందిరమునకు తిరిగి వచ్చి, రిజిస్టరు తెరచి, ఆ రెండు మాటలలో మొదటిదానిని కొట్టివేసి, ప్రక్కను తేదీ వేసి సంతకము చేసితిమి.